తెల్లారేదాకా ఆగమన్నారు

“తెల్లారనీండి, పెద్ద డాక్టరు గారు పొద్దున్నే వస్తారు.” కావలిలో ఒక ఆస్పత్రిలో ఆ రాత్రి డ్యూటీలో ఉన్నాయన మా అబ్బాయితో అన్న మాట ఇది. దాని మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు.

రాత్రి 2:30 దాటాక నొప్పి మొదలైంది. ఛాతీలో కాదు, దవడ కింద, వీపులో రెండు రెక్కల మధ్య. తిన్న చేపల పులుసు అరగలేదన్నారు ఇంట్లో. చెమటకి జాకెట్టు ఒంటికి అతుక్కుపోయింది. ఆస్పత్రిలో ఈసీజీ తీసి, గ్యాస్‌కి ఇంజెక్షన్ వేసి, సెలైన్ పెట్టి ఆయన వెళ్ళిపోయాడు. మా తోడికోడలు అరికాళ్ళు రుద్దుతూనే ఉంది, నాకు స్పర్శ తెలియడం లేదు. పిల్లదాని పెళ్ళి చూడకుండానే పోతానని గట్టిగా అనిపించింది.

అప్పుడొచ్చింది ఒక నర్సమ్మ. మంచం మీద పడేసిన ఈసీజీ కాగితం తీసి లైటు కింద పట్టుకుని చూసింది. మా అబ్బాయిని పక్కకి పిలిచి, “ఇది గ్యాస్ కాదు నాయనా, గుండెపోటు. అమ్మని వెంటనే నెల్లూరు తీసుకుపో. రాత్రి కూడా స్టెంట్ వేసే చోటుకి ముందే ఫోన్ చెయ్యి” అంది. నాతో ఆస్పిరిన్ నమిలించింది. ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి.

నెల్లూరులో మేం చేరేసరికి క్యాథ్‌ల్యాబ్ (స్టెంట్ వేసే గది) వాళ్ళని నిద్రలేపి పిలిపించి ఉంచారు. మణికట్టు దగ్గరి రక్తనాళం గుండా వెళ్ళి, గుండెకి రక్తం అందించే నాళం తెరిచి స్టెంట్ (చిన్న జాలీ గొట్టం) వేశారు. తెల్లవారుజాముకల్లా నొప్పి పోయింది.

ఇంటికొచ్చాక చూడ్డానికొచ్చిన చుట్టం ఒకాయన, “గుండె ఆపరేషన్ మధ్యాహ్నం చేస్తేనే మంచిదంట, తొందరపడ్డారు” అన్నాడు. నా మొహం మీదే! రివ్యూకి వెళ్ళినప్పుడు డాక్టరు గారినే అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. ఆ మాట ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో చేసిన పరిశోధన నుంచి వచ్చిందట. 2017లో బయటికొచ్చింది. ముందే తేదీ పెట్టుకుని గుండె కవాటం మార్పించుకున్న 596 మందిని పరిశీలిస్తే, మధ్యాహ్నం చేయించుకున్నవాళ్ళలో తర్వాతి 500 రోజుల్లో పెద్ద గుండె సమస్యలు సగానికి సగం తక్కువగా కనిపించాయి. గుండె కణాలకీ సొంత గడియారం ఉంటుంది, కాసేపు రక్తం అందకపోయినా తట్టుకునే శక్తి మధ్యాహ్నం ఎక్కువని వాళ్ళు చెప్పిన కారణం. తర్వాత వేరే చోట్ల చూస్తే కొన్నింటిలో ఆ తేడా కనిపించలేదు.

“మీది ఆ లెక్కే కాదమ్మా,” అన్నారాయన. “రక్తనాళం మూసుకుపోతే నిమిషనిమిషానికీ కండరం చచ్చిపోతుంది. ఆస్పత్రికి వచ్చిన 90 నిమిషాల్లో తెరవాలని మేం చూస్తాం.” గుండెపోట్లు ఎక్కువగా తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం లోపే వస్తాయనీ చెప్పారు.

అందుకే మా ఊరివాళ్ళందరికీ చెబుతున్నాను. రాత్రి నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. స్టెంట్ వేసే చోటు దూరమైతే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారేమో అడగండి. దవడ నొప్పి, వీపు నొప్పి అని చెబితే ఆడవాళ్ళని గ్యాస్ అని పంపించేస్తున్నారు, ఈసీజీ తీయమని పట్టుబట్టండి.

మా ఆడపడుచు రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువులో నా పేరున ఆరోగ్య రొట్టె పట్టుకుంది. కోరిక తీరింది కదా, ఈసారి నేనే వెళ్ళి రొట్టె వదలాలి. ఆ నర్సమ్మ కావలిలో పని మానేసిందట. ఎక్కడుందో కనుక్కుంటున్నాం, ఆమెకి చీర పెట్టాలి.