విడి గది లేని ఇంట్లో ఐసోలేషన్

పక్క వాటాలో ఎండు నెత్తళ్లు వేయిస్తే విశాఖ కంచరపాలెంలో మా సందు మొత్తానికి తెలుస్తుంది. 2021 మే మొదట్లో, కరోనా రెండో వేవ్‌లో ఒక పూట ఆ వాసన నాకు తగల్లేదు. అప్పటికే ఒళ్లు నొప్పులు, చలి. మా పొయ్యి మీద పప్పు మాడుతుంటే అత్తయ్య పరుగెత్తుకొచ్చి "ఏటమ్మా, వాసనైనా తెలీలేదేటి?" అంది. నాకు గుండె జారిపోయింది.

టెస్టు చేసినచోట ఒక కాగితం ఇచ్చారు. గాలీ వెలుతురూ వచ్చే విడి గదిలో ఉండాలి, వీలైతే బాత్రూం కూడా విడిగా ఉండాలి, లక్షణాలు మొదలయ్యాక 10 రోజులు గడవాలి, చివరి 3 రోజులు జ్వరం ఉండకూడదు. అందులో ప్రతి మాటా సరైనదే. మాది మాత్రం ఒక గది, వంటిల్లు. ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, షుగర్ ఉన్న అత్తయ్య. బాత్రూం మూడు వాటాలకీ ఒకటే, కొళాయీ ఒకటే. కాగితం చదువుతుంటే నా జ్వరం సంగతి మర్చిపోయాను. రాత్రి అత్తయ్య మంచం ఎక్కడ వేయాలి అన్నదే బుర్రలో తిరిగింది.

ఆయనది ఫైనాన్స్‌లో తీసుకున్న ఆటో. 2020లో రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీలు ఆపుకునే వీలు ఇచ్చింది. వడ్డీ పడినా కాస్త తెరిపిన పడ్డాం. రెండో వేవ్‌లో అందరికీ వర్తించేలా అలాంటిది రాలేదు. పైగా మే 5 నుంచి మధ్యాహ్నం 12 గంటలకే కర్ఫ్యూ. బండి తిరిగేది ఉదయం ఆరు గంటలసేపే. నేను పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూలు ఏప్రిల్ 20 నుంచి మూతపడి జీతం ఆగిపోయింది. రిపోర్టు వచ్చేలోగా ఆయన బండి తీశారు. మాస్కు మీద మాస్కు పెట్టుకుని, సీటు వెనక ప్లాస్టిక్ షీటు కట్టుకుని. నేను వద్దంటే, నా మొహం చూడకుండా చెప్పులు తొడుక్కుంటూ "మందులకైనా కావాలి కదా" అన్నారు. ఇలాంటివాళ్లని చూపించి, జనానికి బాధ్యత లేదని అనేవారు కొందరు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆయనకి తెలియని జాగ్రత్త లేదు. ఇంట్లో డబ్బు లేదు, అంతే.

మా సందులో ఆ నెల జ్వరాలు వచ్చినవాళ్లు చాలామంది టైఫాయిడ్ అనే చెప్పుకున్నారు. చెప్పుకోక ఏం చేస్తారు? పాజిటివ్ అని తెలిస్తే అపార్ట్‌మెంట్లలో పనివాళ్లని గేటు దాటనిచ్చేవారు కాదు, ఆ రోజుల జీతమూ కోసేవారు. నాకు పాజిటివ్ అని తెలిశాక అత్తయ్యని కొళాయి దగ్గరికి రావద్దన్నారు. నీళ్లు లేకుండా చేతులు కడుక్కోమంటే ఎలా? చివరికి మధ్య వాటా ఆవిడే గొడవ తీర్చింది. ఆవిడ ఎంవీపీ కాలనీలో ఇళ్లల్లో పని చేస్తుంది. "బిందెలు గుమ్మం కాడ ఎట్టీయండి, నేను పట్టెడతాను" అంది. తెల్లారకుండానే లేచి, తమ నీళ్ల కంటే ముందు మావి పట్టేది.

ఇంటి ఓనరు భార్య మేడ మీద ట్యాంకు పక్కనున్న రేకుల షెడ్డులో సామాను తీయించి నన్ను ఉండమంది. మే నెల ఉక్కపోతకి రేకుల కింద ఒళ్లు ఉడికిపోయేది. పిల్లలు తడి గోనెసంచులు మెట్ల మీద పెట్టి దిగిపోతే, వాటిని నేనే రేకుల మీద పరిచేదాన్ని. బాత్రూంకి అందరూ వెళ్లొచ్చాక రాత్రి చివర్లో వెళ్లి, బ్లీచింగ్ చల్లి వచ్చేదాన్ని. పగలు తప్పనిసరైతే పైనుంచి కేకేస్తే దారి ఖాళీ చేసేవారు. ఆ షెడ్డు లేకపోతే అత్తయ్య మాకు దక్కేది కాదేమో. ఏప్రిల్లో మొదటి డోసు కూడా వేయించుకుంది. ఆమెకి జ్వరం రాలేదు.

వార్డు నర్సమ్మ (ఏఎన్ఎం) ఆక్సీమీటరు ఇచ్చి, మేడ మీద ఆరు నిమిషాలు నడిచి చూసుకోమంది. ఆక్సిజన్ 94 కంటే తగ్గితే 104 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలి. ఒక సాయంత్రం 91 చూపించింది. వేలు మార్చినా అంతే. కేజీహెచ్‌లో, అదే మా సర్కారు పెద్దాసుపత్రిలో, మంచం దొరికింది. అక్కడ బోర్లా పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. మన స్టీల్ ప్లాంటు ఆక్సిజన్‌తోనే ఏప్రిల్ 22న మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకి బయల్దేరిందని టీవీలో చూసినప్పుడు ఏదో దూరపు సంగతి అనుకున్నాను. మాస్కులోంచి చల్లగా గాలి తగులుతుంటే అదే గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక కోలుకోవడం నెమ్మదిగా సాగింది. బిందె ఎత్తితే ఆయాసం. దువ్వెన నిండా జుట్టు. నెత్తళ్ల వాసన వర్షాలు మొదలయ్యాక గాని తెలియలేదు.

ఆగస్టు 16న స్కూళ్లు తెరిచారు, జీతం మొదలైంది. 2022 జనవరిలో మూడో వేవ్ వచ్చి, సంక్రాంతి వెళ్లగానే ఆయనకి జ్వరం తగిలింది. అప్పటికి ఇంట్లో ఉండాల్సిన రోజులు 7కి తగ్గించారు. అదే గది, అదే బాత్రూం. ఆయన మేడ మీద షెడ్డులోకి వెళ్లిపోయారు. ఆ నెల కిస్తీ నా జీతంలోంచి కట్టాం. ఈసారి బండి తాళం నా దగ్గరే ఉంచి వెళ్లారు, ఒక్కరోజు కూడా అడగలేదు.