చెకుముకి రాయికి పదును

అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత తుపాకీతో జింకల్ని వేటాడాలంటే చాలాచోట్ల ఫ్లింట్‌లాకే వాడాలి, అంటే చెకుముకి రాయి రవ్వలతో పేలే పాతకాలపు తుపాకీ. 1974లో మొదలైన సీజన్ ఇది. నాకు వేట పడదు గానీ, పక్కింటి పెద్దాయన ఆ తుపాకీ సర్దుతుంటే అక్కణ్ణుంచి కదలబుద్ధి కాదు.

ముందు గొట్టంలో మందు లేదని చూసుకుంటాడు. చెకుముకి రాయి తోలుముక్కలో, రెండు ఇనుప దవడల మధ్య బిగించి ఉంటుంది. మొద్దుబారితే ఊడదీయక్కర్లేదు. చిన్న ఇత్తడి సుత్తితో అంచు మీద టక్ టక్‌మని తడితే గోరంత పెచ్చులు రాలి కొత్త అంచు తేలుతుంది. కాస్త గట్టిగా కొట్టామా, సగం రాయి గోవిందా! కళ్లద్దాలు తప్పనిసరి, ఆ పెచ్చులు గాజుపెంకుల్లా కోసేస్తాయి.

నిన్న సుత్తి నా చేతికిచ్చాడు. టెన్షన్ పడుతూనే తట్టాను. ట్రిగ్గర్ నొక్కగానే రాయి ఉక్కు పలకని గీరుకుంటూ దిగింది, రవ్వలు జల్లున రాలాయి. మండేది రాయి కాదు, అది చెక్కేసిన ఉక్కు రజను. అందుకే అంచు పలకని గీరాలి, మొత్తకూడదు.

ఆయనకి ఇంగ్లండ్‌లోని బ్రాండన్ నల్లరాయి తప్ప ఇంకోటి ఆనదు. ఫ్రాన్స్ తేనెరంగు రాయి కూడా మంచిదేనంటారు. ఆ మాట ఆయన ముందు అనే ధైర్యం నాకు లేదు.