సిరొంచ పటంలో ఖాళీ గడులు

కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన ఎక్కేముందే ఫోన్‌లో నడుస్తున్న పక్షుల జాబితా ముగించి పంపేశాం. అవతలి గట్టు మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా సిరొంచ. పక్షుల లెక్కలు పంపే ఈబర్డ్ యాప్‌లో ఒక జాబితాకు పటం మీద ఒకే చుక్క. ఆ చుక్క ఏ రాష్ట్రంలో పడితే అందులోని పక్షులన్నీ ఆ రాష్ట్రం లెక్కలోకే పోతాయి. అందుకే హద్దు రాగానే జాబితా తెంచి కొత్తది మొదలుపెట్టాలి. నది మధ్య ఇసుక మేటల మీద నిలబడ్డ నత్తగుల్ల కొంగలకు ఈ గొడవేం పట్టదు.

సిరొంచలో బోర్డులు మరాఠీ, బేరాలు తెలుగు. మా పని కలివికోడి అనే అరుదైన పిట్ట పాత జాడతో. 19వ శతాబ్దంలో భూగర్భ శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్ ఈ పిట్టను సిరొంచ, భద్రాచలం ప్రాంతాల్లో నమోదు చేశాడు. 1900 తర్వాత ఎక్కడా కనిపించక, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది, అదీ ఊరి పిట్టల వేటగాడి చేతికి. పాత రికార్డుకు ఊరి పేరే ఆధారం. సిరొంచ అంటే ఊరా, ఆ చుట్టుపట్ల అడవా, గుడారం వేసిన చోటికి దగ్గర్లో ఉన్న పేరున్న ఊరా? ఊరి నడిబొడ్డున చుక్క పెట్టి ఊరుకుంటే, రేపు ఆవాసాల అంచనా కట్టేవాడు బజారు వీధిని కలివికోడి తిరిగే కలివె పొదలనుకుంటాడు. చుక్కతో పాటు ఎన్ని కిలోమీటర్ల తేడా ఉండొచ్చో కూడా రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే తేడా లేదని కాదు, ఎవరూ రాయలేదని.

ఇలాంటి జీవుల రికార్డులు ప్రపంచం నలుమూలల నుంచి చేరే చోటు జీబిఫ్. కోపెన్‌హాగెన్ కేంద్రంగా 2001లో మొదలైన అందులో రికార్డులు 200 కోట్లు దాటాయి. సగానికి పైగా పక్షులవే. పురుగులు, పుట్టగొడుగులు, కప్పలు మిగతా సగంలో సర్దుకోవాలి. ఆ పక్షుల్లోనూ ఉదయం ఆరు నుంచి తొమ్మిది లోపు, కారు ఆగే చోట కనబడేవే ఎక్కువ. సిరొంచ నుంచి ఆలాపల్లి వైపు సుమారు 100 కిలోమీటర్ల రోడ్డు మీద పటం తెరిచి చూస్తే చుక్కలన్నీ రోడ్డు వెంటే. అడవికి రోడ్డంటే అంత ప్రేమా అనిపిస్తుంది!

ఈ వంకర తగ్గించడానికి పటాన్ని 5 కిలోమీటర్ల గడులుగా కోసి, వెళ్లాల్సిన గడిని చీటీ తీసి ఎంచుకున్నాం. ఒక్కో గడిలో మూడు చోట్ల 15 నిమిషాల చొప్పున లెక్క: రోడ్డు పక్కన, అర కిలోమీటరు లోపల, చెరువు గట్టున. ‘ఉంది’ అని కాకుండా సంఖ్య రాయాలి. గుర్తుపట్టినవన్నీ రాస్తేనే ‘పూర్తి జాబితా’ అని టిక్కు పెట్టాలి. అరుదైనవే ఏరి రాసినదానికి ఆ టిక్కు పెడితే, రాయని పికిలిపిట్ట ఆ రోజు అక్కడ లేదన్న అర్థం వస్తుంది. రాత్రి లెక్కకు పోయేముందు ఊళ్లో పోలీస్ పాటిల్‌కూ (పోలీసులకు సమాచారమిచ్చే గ్రామాధికారి) అటవీ సిబ్బందికీ చెప్పడం ఇక్కడ తప్పనిసరి.

అంకెల్లో జరిగే తప్పు ఇంకో రకం. సిరొంచ సుమారు 18 డిగ్రీల 50 నిమిషాల ఉత్తరం, 79 డిగ్రీల 58 నిమిషాల తూర్పు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి దశాంశాల్లో అది 18.83, 79.97 అవుతుంది. నోట్‌బుక్ చూసి 18.50, 79.58 అని కొడితే చుక్క నైరుతికి 55 కిలోమీటర్లు జారి తెలంగాణలో పడుతుంది. చుక్క వేరే దేశంలో పడితే జీబిఫ్ తనిఖీ పట్టుకుంటుంది గానీ, ఇది ఇండియాలోనే ఉంది కదా! పక్కన ఊరి పేరు కూడా రాసి ఉంటేనే ఎవరికైనా అనుమానం వస్తుంది.

జీవుల ఫొటోలు పెట్టే ఐనాచురలిస్ట్‌లో చుక్క జరగడం తప్పు కాదు, జాగ్రత్త. ముప్పున్న జీవుల చోటు వేటగాళ్లకు తెలియకూడదని చుక్కను 0.2 డిగ్రీల గడిలో, అంటే సుమారు 22 కిలోమీటర్ల పరిధిలో, ఎక్కడో ఒకచోట పెడతారు. ప్రాణహిత రెండు రాష్ట్రాల హద్దు. కాబట్టి ఇటు గట్టున చూసిన రాబందు పటంలో అటు గట్టున తేలొచ్చు. జిల్లాల వారీ జాబితా కట్టేవాళ్లు ఇలాంటి రికార్డులను ముందే పక్కకు తియ్యాలి.

చేపల బజారులో వాలుగ, జెల్ల, కొర్రమీను ఫొటోలు పక్కన స్కేలు పెట్టి తీశాం. ఏ రేవులో వల వేశారో అడిగి రాసుకున్నాం. ఆ వివరం లేకుండా బజారులోనే పిన్ గుచ్చితే చేప బస్టాండు పక్కన ఈదినట్టే.

చీకటి పడ్డాక పొదల మధ్య ఖాళీ నేల చూసుకుని కదలకుండా కూర్చున్నాం. కలివికోడి కూసేది ఆ వేళలోనే, అదీ కొద్దిసేపే. వినిపించినవి రెండే గొంతులు: పైడికంటి అనే చిన్న గుడ్లగూబ, తీతువు. పూర్తి జాబితా అని టిక్కు పెట్టి పంపాం: 40 నిమిషాలు, 0 కిలోమీటర్లు, ముగ్గురు మనుషులు.