ఒళ్లు పెరిగితే ఎన్ని గడులు?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలేస్తూ కథలో పాత్రలుగా ఆడే ఆట) ఐదో ఎడిషన్‌ని (2014) పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో అంగుళం గళ్ల కాగితం మీద చింతపిక్కలే పాత్రలుగా ఆడేవాళ్లు ముందు పాత శుభలేఖల అట్ట కత్తిరించి పెట్టుకోండి: రెండంగుళాల చదరాలు కొన్ని, మూడంగుళాలవి కొన్ని. మామూలు మనిషికి ఒక గడి, అంటే 5 అడుగులు. ఒళ్లు పెంచే ఎన్‌లార్జ్ మంత్రం పడితే ఒక సైజు పెరిగి లార్జ్ అవుతాడు, 2×2 గడులు. రూపం మార్చే పాలీమార్ఫ్ మంత్రంతో జెయింట్ ఏప్ (రాకాసి కోతి) అయితే 3×3. పిక్క ఒక్కటే ఉంచేస్తే మిగతా గడులు ఎవరికీ గుర్తుండవు, తగువులన్నీ అక్కడే.

పెరిగే శరీరం ఏ వైపు గడులు తీసుకోవాలో రూల్ చెప్పదు. పాత గడి కొత్త చదరంలో ఉండాలి, వైపు ఆటగాడి ఇష్టం. ఇది నా తీర్పు, హాయిగా సాగుతుంది. చోటు చాలకపోతే పట్టినంతే పెరుగుతాడని ఎన్‌లార్జ్‌లోనే ఉంది.

ఎక్కువమంది పొరబడేది రీచ్ (దెబ్బ అందే దూరం) దగ్గర. ఒళ్లు పెరిగినంత మాత్రాన చెయ్యి సాగదు. ఎన్‌లార్జ్ అయిన కత్తివీరుడి రీచ్ 5 అడుగులే, కానీ అతన్ని ఆనుకున్న గడులు 8 నుంచి 12 అవుతాయి. చుట్టుముట్టేవాళ్లకీ చోటు పెరిగిందన్నమాట! ఏప్‌కి మాత్రం స్టాట్ బ్లాక్‌లోనే (ఆ జీవి అంకెలు రాసిన పట్టీలో) రీచ్ 10 అడుగులుంది.

మంత్రం తెగి ఒళ్లు తగ్గి శత్రువు అందుబాటులోంచి బయటపడితే ఆపర్చునిటీ అటాక్ (అందుబాటు దాటి పోయేవాడి మీద వేసే దెబ్బ) లేదు, అతను తన మూవ్‌మెంట్ వాడలేదు కదా.

10 అడుగుల దారిలో ఏప్ ఇరుక్కుంటూ నడవొచ్చు. అడుగుకి ఇంకో అడుగు ఖర్చు, దాని దెబ్బలకి డిసడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లేసి తక్కువది తీసుకోవడం), దాని మీద పడేవాటికి అడ్వాంటేజ్ (ఎక్కువది తీసుకోవడం). 5 అడుగుల తలుపులో అసలు దూరలేదు.