ఫ్యాక్టర్ ఆఫీసు ఉద్యోగం

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో నేను ఫ్యాక్టర్ ఆఫీసులో, అంటే భవనాల బాగోగులు చూసే కంపెనీలో పనిచేస్తాను. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ "మావాడు ఫ్యాక్టరీలో చేస్తున్నాడు" అనే చెబుతుంది. చరిత్ర చూస్తే ఆవిడ మాట మరీ కొట్టిపారేసేది కాదు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మచిలీపట్నంలో పెట్టిన వర్తక స్థావరాన్నీ ఫ్యాక్టరీ అనే అనేవారు. కంపెనీ తరఫున సరుకు కొని పంపే ఫ్యాక్టర్లు ఉండే చోటు కాబట్టి ఆ పేరు.

స్కాట్లండ్‌లో ఆ మాట భూముల వైపు మళ్ళింది. దొరగారి ఎస్టేటు చూసుకుని, శిస్తు వసూలు చేసి, ఇవ్వలేనివాళ్ళను ఖాళీ చేయించేవాడే ఇక్కడ ఫ్యాక్టర్. 1814లో ఉత్తరాన సదర్లండ్ ఎస్టేటు ఫ్యాక్టర్ పాట్రిక్ సెల్లార్, స్ట్రాత్‌నేవర్ లోయలో గొర్రెల పెంపకం కోసం రైతు కుటుంబాలను వెళ్ళగొట్టించాడు. ఇళ్ళకు నిప్పు పెట్టించాడు. ఆ గొర్రెల భూమి కౌలు తీసుకున్నదీ ఆయనే! మనుషుల చావుకు కారకుడని 1816లో ఇన్వర్‌నెస్‌లో కేసు నడిచింది. నిర్దోషి అని వదిలేశారు.

ఇప్పుడు ఫ్యాక్టర్ అంటే పాత రాతి భవనాల బాగోగులు చూసే కంపెనీ. ఆ భవనాలను ఇక్కడ టెనెమెంట్లు అంటారు. ఒకే మెట్లదారి, దాని చుట్టూ ఏడెనిమిది ఇళ్ళు. ఆ మెట్లదారి పేరు క్లోజ్. క్లోజ్‌లో బల్బు పోయినా, చూరు గొట్టంలో గడ్డి మొలిచి నీళ్ళు గోడలోకి దిగినా ఫోన్ మాకే. మనిషిని పంపడం తేలికే, బిల్లు పంచేటప్పుడే టెన్షన్. పైకప్పు కారితే నాకేంటని కింది ఇంటాయన గొడవ. మన అపార్ట్‌మెంట్లలో లిఫ్టు ఖర్చు దగ్గర జరిగేదే. ఎవరి వాటా ఎంతో ఇంటి దస్తావేజుల్లో ఉంటుంది. లేకపోతే 2004 టెనెమెంట్ల చట్టం చెబుతుంది. కప్పు మరమ్మతు ఖర్చు అందరిదీ అని కింది ఇంటాయనకు నచ్చజెప్పేసరికి నా టీ చల్లారిపోతుంది.

2011 చట్టంతో ఫ్యాక్టర్లు రిజిస్టర్ కావడం తప్పనిసరి అయింది. మాపై ఫిర్యాదుకు ట్రైబ్యునల్ కూడా ఉంది. అయినా ఆ మాట మీది కోపం పోలేదు. మా ఆఫీసులో సదర్లండ్ వైపు నుంచి వచ్చినావిడ ఒకరున్నారు. ఊళ్ళో అడిగితే "బిల్డింగుల మెయింటెనెన్స్" అంటుందట, ఫ్యాక్టర్ అనే మాటే ఎత్తదు. ఆవిడ నాయనమ్మ దృష్టిలో అది తిట్టు.

మొన్న ఒకాయన ఫోన్‌లో "మీ ఫ్యాక్టర్లది రెండొందల ఏళ్ళుగా ఇదే వరస" అన్నాడు. బల్బు ఏ అంతస్తులో పోయిందో అడిగి రాసుకున్నాను.