ఉన్నది ఉన్నట్టే తీయండి

ఇంటర్ మొదటి ఏడాదిలో నాకు లూపస్ అని తేలింది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. అంతకు ముందు కొన్ని నెలలుగా కీళ్ళ నొప్పులు, విడవని జ్వరం, ముక్కుకు రెండు పక్కలా బుగ్గల మీద ఎర్రటి మచ్చ. కావలి ఎండకు కందిందనుకున్నాం. రక్త పరీక్షలు, మూత్రంలో ప్రొటీన్ పోతోందని కిడ్నీ బయాప్సీ, నెల్లూరుకు రైల్లో తిరగడం... ఈ జబ్బు ఉన్న ఎవరిని అడిగినా ఇవన్నీ చెబుతారు. నేను చెప్పదలచుకున్నది నా మొహం గురించి.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ బిళ్ళ మొదలుపెట్టిన కొన్ని వారాలకే మొహం గుండ్రంగా ఉబ్బింది. పొట్ట మీద ఎర్రటి చారలు. ఆకలి అర్ధరాత్రి కూడా లేపేది. ఉప్పు తగ్గించమన్నారు. అమ్మ నా ఒక్కదానికీ వేరుగా వండలేదు. చేపల పులుసు కూడా ఇంటిల్లిపాదికీ చప్పిడే. ఆవకాయ జాడీ అటకెక్కింది. తమ్ముడు సణుగుతూనే తినేవాడు. ఇంత చేసిన అమ్మే, నేను చూసుకుని బాధపడతానని అద్దం మీద తువ్వాలు కప్పింది. నా మొహం దాచవలసిందేనని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారని దానర్థం. నాకు అలాగే తోచింది.

ఆ రోజుల్లోనే పెద్దత్త చూడటానికి వచ్చింది. నేను ఎదురుగా కూర్చుని ఉండగానే, "ఇదేమిటమ్మా, పిల్ల ఆనవాలే పట్టలేకుండా ఉంది! రేపు పెళ్ళిచూపుల్లో ఈ మొహం ఎలా చూపిస్తారు? ముందు ఆ బిళ్ళలు మానిపించు" అని, ఎవరో ఇచ్చిన పొడి పొట్లాలు అమ్మ చేతిలో పెట్టింది. నాన్న రొయ్యల గుంటల దగ్గర ఉన్నాడు. అమ్మ నమ్మింది.

కొద్ది రోజులకే వాంతులు. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. ఒక రాత్రి స్నానాలగది గుమ్మంలో పడిపోయాను. ఒళ్ళంతా చల్లటి చెమట. అమ్మ పిలుస్తున్నది వినబడుతోంది, నోరు పెగలడం లేదు. తమ్ముడు పక్కింటి తలుపు బాదిన చప్పుడు కూడా విన్నాను. వాళ్ళ కారు వెనక సీట్లో తల అమ్మ ఒడిలో ఉంది. హైవే మీద ఎదురొచ్చే లారీల వెలుగు పడినప్పుడల్లా అమ్మ మొహం కనబడి మాయమయ్యేది. "నేనే మానిపించాను, నేనే" అంటూనే ఉంది. చచ్చిపోతున్నానని ఆ మాట విన్నాకే భయం వేసింది.

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు బీపీ చూడగానే అడిగిన మొదటి ప్రశ్న: "స్టెరాయిడ్ ఎప్పుడు ఆపారు?" హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్. తెల్లవారేసరికి మాట్లాడగలిగాను. బయటి నుంచి బిళ్ళ అందుతున్నన్నాళ్ళూ కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయట. బిళ్ళ ఒక్కసారిగా ఆపేస్తే అవి వెంటనే అందుకోలేవట. అందుకే మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఆ కుర్ర డాక్టరుకు వెయ్యి దండాలు. మరి మొదట బిళ్ళ రాసిన పెద్దాయన ఈ ముక్క ముందే ఎందుకు చెప్పలేదు? మొహం ఉబ్బుతుందనీ, మోతాదు తగ్గాక దిగుతుందనీ చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఫీజు మాత్రం మరవలేదు.

పరీక్ష ఫీజు కట్టేటప్పుడు కొత్త ఫొటో అడిగారు. పాతది ఇచ్చేస్తానన్నాను. నాన్న వినకుండా స్టూడియోకు తీసుకెళ్ళాడు. ఫొటోగ్రాఫర్ కంప్యూటర్లో నా బుగ్గల చుట్టూ గీత గీసి, "కాస్త లోపలికి నొక్కేస్తాను సార్, పాప బాగుంటుంది" అన్నాడు. నాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నొక్కవద్దు. ఉన్నది ఉన్నట్టే తీయండి. మా అమ్మాయి ఇప్పుడు ఇలాగే ఉంటుంది."

ఒక కాపీ తన పర్సులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి అద్దం మీది తువ్వాలు లాగి, భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. ధైర్యంగా ఉండమని నాకు చెప్పినవాళ్ళు చాలామంది, ఒక్కరి మాటా గుర్తులేదు.

నెలలు గడిచి మోతాదు తగ్గేకొద్దీ మొహం దిగింది. చారలు తెల్లబడ్డాయి కాని పోలేదు. లూపస్‌కు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ బిళ్ళ సాగుతోంది, దానికోసం ఏటా కంటి పరీక్ష. ఎండలో గొడుగు తప్పదు. మీ ఇంట్లో ఎవరైనా స్టెరాయిడ్ వాడుతుంటే డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా ఆపకండి. పరామర్శకు వెళితే చదువు సంగతి అడగండి. మొహం సంగతి ఆ పిల్లకు తెలుసు.

పెద్దత్తతో నేను ఇప్పటికీ సరిగా మాట్లాడను.

ఆ ఏడాది రొట్టెల పండుగకు అమ్మ నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకుంది. కోరిక తీరితే మరుసటి ఏడు రొట్టె ఇవ్వాలి కదా, నేనే నీళ్ళలో నిలబడి ఇచ్చాను. మందు పనిచేసిందా, రొట్టె పనిచేసిందా అని అమ్మతో వాదించను. కాని అదే రోజు నాకు తెలియకుండా పెళ్ళి రొట్టె కూడా పట్టుకుందని తమ్ముడు చెప్పాడు. దాని మీద మా ఇంట్లో గొడవ ఇంకా తెగలేదు.