మునగ బంక, గమ్ పుట్టిల్లు

గాలివానకు విరిగిన మునగ కొమ్మ మొదట్లో ఈ రోజు బంక కనిపించింది. కారేటప్పుడు తెల్లగా ఉండేది గాలి తగిలేకొద్దీ ఎర్రబడుతుంది. ఇది అప్పటికే ముదిరి గోధుమ రంగుకు తిరిగింది, కింది అంచున మాత్రం ఇంకా తెలుపు మిగిలి ఉంది. గోటితో గీకితే పైన పెంకు, లోపల మెత్తన. తెచ్చి గిన్నెలో నీళ్లు పోసి నానేశాను. మధ్యాహ్నానికి పూర్తిగా కరగలేదు గానీ ఉబ్బి జావలా తయారైంది. "ఆ గిన్నె ఇక నువ్వే తోముకో" అంది అమ్మ.

ఊరుకోకుండా దేవుడి గదిలోని గుగ్గిలం పలుకు ఒకటి ఇంకో గిన్నెలో వేశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెండూ చెట్టు గాయం నుంచి కారేవే. అయితే బంక నీళ్లకు లొంగుతుంది, గుగ్గిలం నిప్పుకు లొంగుతుంది. బంకతో ధూపం వేయలేం, గుగ్గిలంతో కవరు అంటించలేం.

సాయంత్రం తీరిక దొరికి 'గమ్' అనే మాట వెంట పడ్డాను. అది ఇంగ్లీషు సొత్తు కాదు. ప్రాచీన ఈజిప్టులో పుట్టి, గ్రీకులో 'కొమ్మి' అయి, లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషుకు చేరింది. కొమ్మి అనగానే మన కొమ్మతో చుట్టరికం కలపాలనిపిస్తుంది కానీ, కలపకూడదు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, శవాలకు చుట్టే నారబట్టకు ఈజిప్టువాళ్లు కొమ్మి పూస్తారనీ, జిగురుకు బదులు ఎక్కువగా దాన్నే వాడతారనీ రాశాడు. ఆయన జిగురుకు వాడిన మాట 'కొల్ల'. కాగితం ముక్కలు అంటించి చేసే బొమ్మ కొలాజ్, చర్మంలోనూ ఎముకల్లోనూ ఉండే ప్రొటీన్ కొల్లాజెన్ ఆ ఇంటి పిల్లలే. తోళ్లూ ఎముకలూ ఉడికిస్తే జిగురు వచ్చేది ఈ కొల్లాజెన్ వల్లే. ముఖానికి ఖరీదైన కొల్లాజెన్ క్రీములు రాసుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పి చూడాలి.

మన అడవుల్లో తపసి చెట్టుకు గాటు పెట్టి తీసే బంకను గిరిజన సహకార సంస్థ కొంటుంది. కట్టుడు పళ్లను చిగుళ్లకు పట్టి ఉంచే పొడుల్లో అది పడుతుంది. అంత పని చేసినా బయటి మార్కెట్లో దాని పేరు 'గమ్ కరాయ', తపసి ఊసే ఉండదు. కొండగోగు చెట్టుకు ఆ అన్యాయం జరగలేదు. దాని బంకను శాస్త్ర పత్రాల్లో కూడా 'గమ్ కొండగోగు' అనే రాస్తారు.